చిన్న కెమెరా బ్యాటరీ సగంలోనే దిగిపోతోందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

జీలకర్ర బెల్లం వేళకి నిండుగా ఉన్న బ్యాటరీ తలంబ్రాల దాకా కూడా రాకపోతే, వెంటనే కొత్త బ్యాటరీ కొనాలనిపిస్తుంది. కొనండి, కానీ ముందు ఒక విషయం తేల్చుకోండి. ఎక్కిన ఛార్జిని కెమెరా వృథా చేస్తోందా? అసలు ఛార్జే సరిగా ఎక్కడం లేదా? లేక సెల్ ముసలిదైపోయిందా? మొదటి రెండింటిలో ఏదైనా అయితే కొత్త బ్యాటరీ కూడా అలాగే దిగిపోతుంది.

ముందుగా లెక్క. సోనీ ఆర్ఎక్స్100 మొదటి మోడల్‌కి కంపెనీ చెప్పిన సంఖ్య ఒక ఛార్జికి 330 ఫొటోలు. ఇది జపాన్ కెమెరా తయారీదారుల సంఘం 'సీపా' పద్ధతిలో కొలిచినది: 30 సెకన్లకొక ఫొటో, ఫొటో విడిచి ఫొటోకి ఫ్లాష్, ప్రతి పది ఫొటోలకి ఒకసారి కెమెరా ఆఫ్ చేసి ఆన్ చేయడం. కాబట్టి ఫ్లాష్ లేకుండా గబగబా తీస్తే 330 దాటాలి. ప్రతి ఫొటోకీ ఫ్లాష్ వేస్తూ మధ్యమధ్య వీడియో తీస్తే 150 దగ్గరే ఆగినా అది రోగం కాదు.

మూడు కొలతలు

బ్యాటరీ నిండా ఛార్జి చేసి, వీడియో పెట్టి, కెమెరా ఆగిపోయేదాకా ఎన్ని నిమిషాలు నడిచిందో రాసుకోండి. చాలా కెమెరాలు 29 నిమిషాలకి రికార్డింగ్ ఆపేస్తాయి, మళ్లీ బటన్ నొక్కండి. వేడెక్కిందని హెచ్చరిక వస్తే ఆ కొలత లెక్కలోకి రాదు, చల్లారనిచ్చి మళ్లీ మొదలుపెట్టండి. రెండోసారి నిండా ఛార్జి చేసి, బ్యాటరీని రెండు రోజులు బయట ఉంచి కొలవండి. మూడోసారి అదే రెండు రోజులు ఆఫ్ చేసిన కెమెరాలో ఉంచి కొలవండి.

లిథియం అయాన్ బ్యాటరీ ఊరికే ఉంటే నెలకి కొద్ది శాతమే తగ్గుతుంది. రెండు రోజులకే తేడా కనిపించకూడదు. బయట ఉంచినప్పుడు కూడా నిమిషాలు బాగా తగ్గితే సెల్ లోపలే ఛార్జి కారిపోతోంది, దాన్ని పక్కన పెట్టేయండి. కెమెరాలో ఉంచినప్పుడు మాత్రమే తగ్గితే తప్పు కెమెరాది. మొదటి కొలతే తక్కువగా ఉంటే ఛార్జింగ్‌నీ సెల్ వయసునీ అనుమానించాలి.

ఆఫ్ చేసి పెట్టినా దిగిపోతోంది

జీపీఎస్ ఉన్న మోడల్ అయితే మొదట దాన్నే చూడండి. కెనాన్ ఎస్ఎక్స్260 హెచ్ఎస్ లాంటి వాటిలో తిరిగిన చోట్లు నమోదు చేసే జీపీఎస్ లాగర్ ఆన్‌లో ఉంటే, కెమెరా ఆఫ్ చేసినా అది ఉపగ్రహాల సంకేతాలు వెతుకుతూనే ఉంటుంది. బ్లూటూత్‌తో ఫోన్‌కి ఫొటోలు పంపే నికాన్ కూల్‌పిక్స్‌లలో, ఆఫ్‌లో ఉన్నా పంపే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, దాన్ని తీసేయండి. వారం పైగా కెమెరా వాడకపోతే బ్యాటరీ బయటికి తీసి పెట్టడం అన్నిటికన్నా నమ్మకం.

బ్యాటరీ తీస్తే తేదీ పోతుందని కొందరు జంకుతారు. గడియారం కోసం లోపల వేరే చిన్న సెల్ ఉంటుంది. కెనాన్ చిన్న కెమెరాల్లో అది సుమారు మూడు వారాలు నిలుపుతుంది, నిండిన బ్యాటరీ వేసి ఉంచితే నాలుగు గంటల్లో తిరిగి నిండుతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ అడుగుతుంటే నిండిన బ్యాటరీ వేసి ఒక రోజంతా వదిలేయండి.

తీస్తుండగానే త్వరగా తగ్గుతోంది

ఎక్కువ తినేవి నాలుగు: స్క్రీను, లెన్స్ మోటారు, ఫ్లాష్, వైఫై. వీటిలో లెన్స్ సంగతి ఎవరూ పట్టించుకోరు. ఆన్ చేసిన ప్రతిసారీ లెన్స్ బయటికి వస్తుంది, ఆఫ్ చేస్తే లోపలికి పోతుంది. తీసిన ఫొటో చూపించడానికి పదేపదే మామూలుగా ఆన్ చేస్తుంటే మోటారుకే బోలెడు ఛార్జి పోతుంది. ఆఫ్‌లో ఉన్నప్పుడు ప్లే బటన్ నొక్కి చూడండి. చాలా మోడళ్లలో లెన్స్ కదలకుండానే ఫొటోలు కనిపిస్తాయి. అలాగే, ఫొటోకి ఫొటోకి మధ్య అర నిమిషమే ఉంటే ఆఫ్ చేయకండి, ఆటో పవర్ ఆఫ్‌ని ఒక నిమిషానికి పెట్టి వదిలేయండి.

తర్వాత మెనూలోకి వెళ్లి ఇవి మార్చండి:

- స్క్రీన్ వెలుతురు ఒక మెట్టు తగ్గించండి. ఫొటో తీశాక చూపించే సమయం రెండు సెకన్లు చాలు.
- బటన్ నొక్కకముందే ఆగకుండా ఫోకస్ వెతికే కంటిన్యువస్ ఏఎఫ్ ఆపండి.
- చేతి వణుకు సవరించే స్టెబిలైజర్‌కి 'ఫొటో తీసేటప్పుడు మాత్రమే' అన్న ఎంపిక ఉంటే అది పెట్టండి. పూర్తిగా మాత్రం తీసేయకండి, వణికిన ఫొటోని మళ్లీ తీయడానికే ఎక్కువ ఛార్జి పోతుంది.

ఇక ఫ్లాష్. ప్రతి మెరుపుకీ ముందు లోపల ఛార్జి నిలవచేసే కెపాసిటర్‌ని సుమారు 300 వోల్టుల దాకా నింపాలి. బ్యాటరీ బలహీనపడితే ఫ్లాష్ సిద్ధం కావడానికి పట్టే సమయం పెరుగుతుంది, అదే తొలి సూచన. దీపాలు బాగా ఉన్న ఫంక్షన్ హాల్లో ఫ్లాష్ ఆపి, ఐఎస్ఓని (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) 800కి పెట్టి చూడండి, పది అడుగులు దాటిన మనిషికి చిన్న ఫ్లాష్ ఎలాగూ సరిగా అందదు. బ్యాటరీ తీసేసినా ఆ కెపాసిటర్‌లో ఛార్జి మిగిలే ఉంటుంది కాబట్టి కెమెరా బాడీని ఇంట్లో విప్పకండి.

మూడు గీతలు చూపించి ఒక్కసారిగా ఆగిపోతోంది

ఇది ముసలి సెల్ లక్షణం. గీతలు చూపేది వోల్టేజీని బట్టి. పాత సెల్ లోపలి నిరోధం పెరగడంతో ఊరికే ఉన్నప్పుడు వోల్టేజీ బాగానే ఉంటుంది, జూమ్ తిరిగినా ఫ్లాష్ నింపుకున్నా ఒక్కసారిగా పడిపోతుంది. మల్టీమీటర్ పెట్టి 4.2 వోల్టులు చూపిస్తోంది కదా అని నమ్మకూడదు, ఛార్జి నిండిందనే తప్ప ఎంత పడుతుందో అది చెప్పదు. దీనికి మందు కొత్త బ్యాటరీయే.

చలిలో కూడా సరిగ్గా ఇలాగే జరుగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో ఆగిపోయిన బ్యాటరీని చొక్కా లోపలి జేబులో కాసేపు ఉంచితే మళ్లీ పనిచేస్తుంది. లెన్స్ బయట ఉండగా కెమెరా ఆగిపోతే చేత్తో లోపలికి నెట్టకండి, పళ్లచక్రాలు విరుగుతాయి. నిండిన బ్యాటరీ వేసి ఆన్ చేసి ఆఫ్ చేస్తే అదే లోపలికి పోతుంది.

ఛార్జి అయిందంటుంది, నిలవడం లేదు

ముందు బ్యాటరీ, ఛార్జర్ రెండింటి లోహపు పలకలనీ పొడి గుడ్డతో తుడవండి. జిడ్డు వదలకపోతే గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్దండి. ఖాళీ బ్యాటరీ పెట్టిన అరగంటకే లైటు ఛార్జి నిండిందని చూపిస్తే ఆ సెల్‌లో పట్టే చోటే తగ్గిపోయింది.

యూఎస్‌బీతో కెమెరాలోనే ఛార్జి చేసే ఆర్ఎక్స్100 లాంటి మోడల్‌ని ఆఫ్ చేశాకే వైరు పెట్టాలి. దాని ఎన్‌పీ-బీఎక్స్1 బ్యాటరీ 1240 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ గంటలు, బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత). 500 మిల్లీ ఆంపియర్లిచ్చే పాత కంప్యూటర్ పోర్టుకి రెండున్నర గంటలు ఎటూ చాలవు, చివరి దశలో ఛార్జి నెమ్మదిస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది. లైటు మెరుస్తూ ఉంటే వేడి వల్లో చలి వల్లో ఛార్జింగ్ ఆగి ఉండవచ్చు. మే నెల మధ్యాహ్నం మేడ మీద గదిలో కాకుండా రాత్రి చల్లబడ్డాక పెట్టండి.

అదే సైజులో 2000 ఎంఏహెచ్ అని అచ్చేసిన చవక బ్యాటరీలు కొనకండి. మీ మూడు కొలతల కాగితంతో పోల్చితే వాటి అసలు సత్తా తెలిసిపోతుంది.

డబుల్ ఏ సెల్లు వేసే కెమెరాలు

గోడ గడియారానికి వేసే జింక్ సెల్లు వీటికి పనికిరావు. ఆల్కలైన్ కూడా కెమెరా లాగినంత వేగంగా ఇవ్వలేదు. నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ సెల్లు వేయండి, వాటిలోనూ ఎనలూప్ లాంటి ఊరికే దిగిపోని రకం. వాటి వోల్టేజీ 1.2, ఆల్కలైన్‌ది 1.5. అందుకే నాలుగు సెల్లు పట్టే నికాన్ కూల్‌పిక్స్ ఎల్820 లాంటి వాటిలో ఏ రకం వేశారో మెనూలో చెప్పాలి, లేకపోతే ఛార్జి ఉండగానే అయిపోయిందంటుంది. పాతవీ కొత్తవీ కలిపి వేయకండి.

దాచేటప్పుడు

నెలల తరబడి వాడనప్పుడు సగం ఛార్జితో, చల్లని చోట ఉంచండి. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు బ్యాటరీకి అన్నిటికంటే పెద్ద శత్రువు. రెండు బ్యాటరీలుంటే ఏది నిండిందో గుర్తుపట్టడానికి కెనాన్ మూతలో ఏర్పాటు ఉంది: నిండినదానికి త్రికోణం గుర్తు కనిపించేలా, ఖాళీదానికి కనిపించకుండా మూత తొడగండి. విమానంలో విడి బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి, మూత లేకపోతే పలకల మీద టేపు అంటించండి.

బ్యాటరీ ఉబ్బి గూట్లోంచి రావడం కష్టమైతే స్క్రూడ్రైవర్‌తో పొడిచి లాగకండి, గుచ్చుకుంటే మంట లేస్తుంది. బ్యాటరీ తలుపు తెరిచి, గూడు నోరు కిందికి ఉండేలా కెమెరాని పట్టుకుని అరచేతి మీద నెమ్మదిగా తట్టండి. అలా రాకపోతే సర్వీసు సెంటర్‌కి ఇవ్వండి. బయటికి వచ్చినదాన్ని మళ్లీ ఛార్జి చేయకుండా, చెత్తబుట్టలో వేయకుండా, ఈ-వేస్ట్ తీసుకునే చోట అప్పగించండి.