ఫోన్ పక్క గదిలో పెట్టి చూడండి

పనికి కూర్చున్నా చెయ్యి ఊరికే ఫోన్ వైపు పోతోందా? మనసు నిలవడం లేదని తిట్టుకోకండి. ఇందులో మెదడులోని డోపమైన్ పాత్ర కూడా ఉంది. డోపమైన్ అంటే ఆనందాన్నిచ్చే రసాయనం అనుకుంటాం కానీ, అది ఎక్కువగా ‘ఏదో దొరకబోతోంది’ అన్న ఆశకు సంబంధించింది. 1990లలో మెదడు శాస్త్రవేత్త వోల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, జ్యూస్ రాబోతోందని చెప్పే లైటుకు అలవాటు పడ్డాక, జ్యూస్ నోట్లో పడినప్పుడు కాదు, లైటు వెలగగానే డోపమైన్‌ను విడుదల చేసే మెదడు కణాలు చురుగ్గా స్పందించాయి. మన నోటిఫికేషన్ కూడా అలాంటి లైటే. ఫోన్ బోర్లా పెట్టినా కళ్ల ముందు ఉంటే మనసు అటే లాగుతుంది. అందుకే పని మొదలుపెట్టే ముందే సైలెంట్‌లో పెట్టి పక్క గదిలో ఉంచండి. మొదట్లో కాస్త చిరాగ్గానే ఉంటుంది. నేనైతే మొదటి రోజు రెండుసార్లు లేవబోయి మళ్లీ కూర్చున్నాను. మూడోసారి ఫోన్ గుర్తుకొచ్చేసరికి గంట గడిచిపోయింది.