జీడిపప్పు యూనిట్ యజమానికి: ముందు పీఎఫ్, ఈఎస్ఐ, ఆ తర్వాతే ఊరికి వాటర్ ప్లాంట్

ఊరి మొదట్లో ఆర్చి కట్టించి, యూనిట్‌లో పిక్క కొట్టే మనిషికి పీఎఫ్ కట్టకపోతే అది ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. అందుకే లెక్క లోపలి నుంచి మొదలుపెట్టండి.

10 మంది ఉంటే ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా), 20 మంది ఉంటే పీఎఫ్ కట్టాలి. పలాస వైపు యూనిట్లలో కటింగ్, పీలింగ్ పని చాలావరకు కిలో లెక్కన సాగుతుంది. కిలో కూలీ అయినా, మేస్త్రీ తెచ్చిన మనిషైనా ఈ తలల లెక్కలోకి వస్తారు. తప్పు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

నెలకు 10,000 వచ్చే మనిషిని తీసుకోండి. ఆమె జీతంలో పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 75 పట్టుకోవాలి. మీ వంతు పెన్షన్‌కి 833, పీఎఫ్‌కి 367, బీమాకి 50, నిర్వహణకి 50, ఈఎస్ఐకి 325. అంటే 1,625. రెండు వాటాలూ మరుసటి నెల 15లోపు కట్టేయాలి. పీఎఫ్ ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ, దానిపైన జరిమానా.

చేరిన రోజే ఆధార్ చూసి పేరు, పుట్టిన తేదీ అక్షరం పొల్లుపోకుండా ఎక్కించండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ల క్లెయిములు ఆగిపోయేది ఈ తేడా వల్లే. పాత యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఉందేమో అడగండి, కొత్తది పుట్టించకండి. మానేసినవాళ్లకి ఎగ్జిట్ తేదీ వేయడం మరిచిపోతే వాళ్ల డబ్బు ఇరుక్కోవచ్చు.

ఈఎస్ఐలో జబ్బు సెలవు డబ్బు రావాలంటే ఏప్రిల్–సెప్టెంబర్, అక్టోబర్–మార్చి అర్ధ సంవత్సరాల్లో సంబంధించిన దాంట్లో 78 రోజులకి చందా పడాలి. పిక్కల్లేక యూనిట్ మూసే నెలలుంటే ఈ లెక్క ముందే చూసుకోండి. 75 రోజుల దగ్గర ఆగిన మనిషికి ఇంకో మూడు రోజులు గ్రేడింగ్ పనో, గోదాం పనో ఇస్తే సరిపోతుంది.

ఇక చేతులు. పిక్క తొక్కలోని జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. స్టీమ్ పట్టిన పిక్కల్ని రాత్రంతా ఆరనిచ్చాకే కటింగ్‌కి ఇవ్వండి. ఆముదం, గ్లవుజులు మీరే ఇవ్వండి. గ్లవుజులతో చేయి నెమ్మదిస్తుంది, కిలో కూలి తగ్గుతుందని తీసి పక్కన పెట్టేస్తారు. రేటు కాస్త పెంచకుండా గ్లవుజులు ఇచ్చి ప్రయోజనం లేదు.

ఇదంతా సర్దుకున్నాక ఊరికి ఆర్వో ప్లాంటు. ముందు బోరు నీళ్లు ల్యాబ్‌లో చూపించండి. లీటరుకి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపుంటే, మిగతా పరీక్షలూ బాగుంటే ఆర్వో దండగ, ఫిల్టరు, క్లోరిన్ చాలు. ఆర్వో కావాల్సిందే అంటే గంటకి 1,000 లీటర్ల ప్లాంటుకి బోరు దాదాపు 2,000 ఇవ్వాలి. మిగిలే ఉప్పు నీళ్లని తాగునీటి బావి వైపు వదలకుండా మరుగుదొడ్లకి మళ్లించండి.

కరెంటు మీటరు పంచాయతీ పేరిట, తీర్మానంతో తీసుకోండి. 20 లీటర్ల క్యాను 5 రూపాయలకి రోజుకు 100 పోతే నెలకు 15,000. అందులోనే ఆపరేటరు జీతం, కరెంటు బిల్లు, రెండు మూడేళ్లకోసారి మార్చే మెంబ్రేన్‌కి (ఉప్పుని వడకట్టే పొరకి) కొంత దాచుకోవాలి. ఉచితం అన్నచోట మెంబ్రేన్ మార్చే రోజున డబ్బు ఎవరిస్తారన్న దగ్గర ప్లాంటు మూతపడుతుంది. ఆపరేటరు చేతికి టీడీఎస్ మీటరు ఇచ్చి, రోజూ పొద్దున రీడింగు గోడ మీద రాయించండి. 60 ఉండేది 200కి ఎగబాకితే మెంబ్రేన్ చూడాల్సిన టైమొచ్చినట్టే.