హెల్ప్ పేజీలో ఉన్న బటన్ స్క్రీన్ మీద లేదా? సమస్య - పరిష్కారం

మాదాపూర్‌లో కూర్చుని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి హెల్ప్ రాయడం నా పని. కిందటేడు బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ దుకాణానికి వెళ్ళాను. కౌంటర్ కుర్రాడు మా హెల్ప్ పేజీ తెరిచి, ‘సేల్స్ రిటర్న్’ అన్న మాట మీద వేలు పెట్టాడు. అదే వేలితో మెనూ మొత్తం పైనుంచి కిందికి వెతికి, "నా దాంట్ల ఆ బటనే లేదు సార్" అన్నాడు. ఎదురుగా పప్పు బస్తా వాపసు తెచ్చిన మనిషి నిలబడి ఉన్నాడు. ఆ రోజు నుంచి హెల్ప్ రాసే పద్ధతి మార్చుకున్నాను.

సమస్య 1: హెల్ప్‌లో ఉన్నది యూజర్‌కి కనబడదు

కారణం: యూజర్ దగ్గర ఏముందో చూడాలి అనగానే విండోసా, మ్యాకా అన్నంతవరకే ఆలోచిస్తాం. కానీ బటన్ కనబడేదీ లేనిదీ ఎక్కువగా తేల్చేవి వెర్షన్, లైసెన్స్, లాగిన్. ఆ దుకాణంలో రిటర్న్ ఓనర్ లాగిన్‌కే ఇచ్చారు. నేను రాసింది అడ్మిన్ లాగిన్‌తో. నాకు అన్నీ కనిపించాయి, అన్నీ రాసేశాను.

పరిష్కారం: ఈ సంగతులు బ్రౌజర్‌కి తెలియవు, సాఫ్ట్‌వేర్‌కి తెలుసు. హెల్ప్ నొక్కగానే వెర్షన్, లాగిన్ రకం, ఏ స్క్రీన్ నుంచి వచ్చారన్నది లింకులోనే పంపమని డెవలపర్లని అడగండి. పేరు, ఫోన్ నంబరు మాత్రం ఆ లింకులోకి రానివ్వకండి. డిటాలో (హెల్ప్‌ని ముక్కలుగా రాసే ఒక ఎక్స్‌ఎంఎల్ పద్ధతి) రాసేవాళ్ళకి ‘ఆడియన్స్’, ‘ప్లాట్‌ఫామ్’, ‘ప్రోడక్ట్’ ఆట్రిబ్యూట్లు, అంటే ఏ భాగం ఎవరికో చెప్పే గుర్తులు, ఇందుకోసమే ఉన్నాయి. ఇక్కడొక చిక్కుంది. ఏ భాగం ఉంచాలో, ఏది తీసేయాలో చెప్పే డిటావాల్ ఫైల్‌లో ‘ఎక్స్‌క్లూడ్’ పెడితే పబ్లిష్ చేసేటప్పుడే ఆ భాగం పోతుంది. యూజర్ పేజీ తెరిచాక ఎంచాలంటే ‘పాస్‌త్రూ’ పెట్టాలి. అప్పుడు ఆ గుర్తు అవుట్‌పుట్‌లో మిగులుతుంది, చిన్న స్క్రిప్టుతో వడకట్టవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: అనుమతి లేని పనిని హెల్ప్‌లోంచి తీసేయకండి. తీసేస్తే ఆ కుర్రాడు సాఫ్ట్‌వేర్‌లో రిటర్నే లేదనుకుంటాడు. "ఈ పని ఓనర్ లాగిన్‌తోనే అవుతుంది, వారిని అడగండి" అని ఒక్క వాక్యం ఉంటే కస్టమర్‌ని నిలబెట్టి వెతుక్కునే టెన్షన్ తప్పుతుంది.

సమస్య 2: ఐప్యాడ్‌లో తెరిస్తే మ్యాక్ స్టెప్పులు వస్తాయి

కారణం: 2019లో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 13 నుంచి ఐప్యాడ్‌లోని సఫారీ తనని తాను మ్యాక్ అనే చెప్పుకుంటుంది. విండోస్ 11 కూడా యూజర్ ఏజెంట్‌లో (బ్రౌజర్ తన గురించి సైట్‌కి పంపే వివరం) విండోస్ 10 లాగే ‘విండోస్ ఎన్‌టీ 10.0’ అనే కనిపిస్తుంది.

పరిష్కారం: మ్యాక్ అని వచ్చినా ఒకటి కంటే ఎక్కువ టచ్ పాయింట్లు (స్క్రీన్ ఒకేసారి గుర్తించే వేళ్ళ సంఖ్య) ఉంటే ఐప్యాడ్ అనుకోవచ్చు. క్రోమ్, ఎడ్జ్‌లలో క్లయింట్ హింట్స్ (సైట్ అడిగితే బ్రౌజర్ ఇచ్చే అదనపు వివరాలు) అడిగితే విండోస్ 11కి ప్లాట్‌ఫామ్ వెర్షన్ 13 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తుంది. ఫైర్‌ఫాక్స్ ఆ వివరం ఇవ్వదు. ఎంత చేసినా ఇది ఊహే కాబట్టి పేజీ పైన "విండోస్ 11 కోసం చూపిస్తున్నాం, మార్చండి" అన్న లైను పెట్టండి. యూజర్ మార్చుకున్నది గుర్తుపెట్టుకోండి.

సమస్య 3: తెలుగు హెల్ప్ ఉన్నా ఇంగ్లిషే తెరుచుకుంటుంది

కారణం: బ్రౌజర్ పంపే భాషని నమ్ముకున్నాం. ఇక్కడి దుకాణాల్లో నేను చూసిన కంప్యూటర్లన్నీ ఇంగ్లిష్ సెట్టింగ్‌తోనే ఉన్నాయి. వాడే మనిషి ఏ భాషలో చదువుతాడో ఆ సెట్టింగ్‌కి తెలియదు.

పరిష్కారం: ‘తెలుగు’ అని తెలుగు అక్షరాల్లోనే, పేజీ పైనే కనిపించేలా పెట్టండి. మెనూ ఇంగ్లిష్‌లో ఉంటే తెలుగు పేజీలోనూ ఆ బటన్ పేరు స్క్రీన్ మీద ఉన్నట్టే రాయండి. నేను మొదట్లో ‘సేవ్’ని ‘భద్రపరచు’ అని రాశాను. ఆ మాట స్క్రీన్ మీద ఎక్కడా ఉండదు కదా, యూజర్ ఏం నొక్కాలి?

సమస్య 4: పాత కంప్యూటర్లో పేజీ చెదిరిపోతుంది

కారణం: విండోస్ 7లో నడిచే చివరి క్రోమ్ 109. సీఎస్ఎస్ నెస్టింగ్ (పేజీ రూపాన్ని చెప్పే కోడ్‌లో ఒక రూల్ లోపల ఇంకో రూల్ రాయడం) క్రోమ్‌లోకి 112తో వచ్చింది, అంటే ఆ పాత క్రోమ్‌కి అది అర్థం కాదు.

పరిష్కారం: నెస్టింగ్ లేకుండా రాయండి. స్క్రిప్టు నడవకపోతే అన్ని వెర్షన్ల స్టెప్పులూ శీర్షికలతో కనబడాలి, ఖాళీ పేజీ రాకూడదు.

సమస్య 5: ఒకరికి రావాల్సిన పేజీ ఇంకొకరికి వస్తుంది

కారణం దాదాపుగా క్యాషే, అంటే మళ్ళీ ఇవ్వడానికి దాచిపెట్టుకున్న పాత కాపీ. సర్వర్ ఒకే అడ్రస్‌కి రెండు రకాల పేజీలు ఇస్తుంటే, మధ్యలోని సీడీఎన్ (పేజీల కాపీలు పంచే సర్వర్ల నెట్‌వర్క్) మొదట వచ్చినదాన్ని దాచి అందరికీ అదే పంచుతుంది. రకానికో అడ్రస్ ఇవ్వండి, లేదా వడకట్టే పని బ్రౌజర్‌లోనే చేయండి. సరిచేశాక సీడీఎన్ క్యాషే ఖాళీ చేయించి, ఓనర్ లాగిన్‌తో ఒక కంప్యూటర్లో, కౌంటర్ లాగిన్‌తో ఇంకో కంప్యూటర్లో అదే పేజీ తెరిచి పక్కపక్కన పెట్టి చూడండి.