సుడోకు బోర్డు తనిఖీకి యూనిట్ టెస్టులు రాయడం ఎలా?

బోర్డు నియమాల ప్రకారం ఉందో లేదో చెప్పే ఫంక్షన్‌ను చిన్న చిన్న ఉదాహరణలతో పరీక్షించే కోడే యూనిట్ టెస్టులు. వీటికి పైథాన్, దానిలో టెస్టులు నడిపే పైటెస్ట్ అనే సాధనం చాలు. బోర్డును 9 జాబితాలుగా పెట్టుకుని ఖాళీ గడికి 0 వాడండి. ఖాళీ బోర్డూ, సరిగ్గా పూర్తయిన బోర్డూ చెల్లాలి. 10 ఉన్న బోర్డు చెల్లకూడదు. ఇవి మూడూ ముందు రాసేయండి.

ఇక జాగ్రత్త పడాల్సింది అంకె పునరావృతమైనప్పుడు పట్టుకునే టెస్టు దగ్గర. చాలామంది పూర్తయిన బోర్డులో ఒక గడి మార్చి, ‘చెల్లదు’ అని రాగానే పని ముగిసిందనుకుంటారు. దయచేసి అలా చేయకండి. పూర్తయిన బోర్డులో ఏ అంకె మార్చినా అడ్డు వరుస, నిలువు వరుస, 3×3 బాక్సు మూడింటి నియమమూ ఒకేసారి తప్పుతుంది. మీ ఫంక్షన్‌లో బాక్సుల తనిఖీ అసలు లేకపోయినా ఆ టెస్టు నెగ్గుతుంది!

ఖాళీ బోర్డులో రెండే రెండు 7లు పెట్టండి. అడ్డు వరుసకైతే మొదటి వరుస రెండు చివర్లలో. నిలువు వరుసకైతే దాని పైన, అడుగున. బాక్సుకైతే మొదటి వరుస మొదటి గడిలో, రెండో వరుస రెండో గడిలో. వరుసలేవీ కలవవు, బాక్సు ఒక్కటే కలుస్తుంది. ఒక టెస్టు ఒకే కారణంతో విఫలం కావాలి. బాక్సు టెస్టును పారామెట్రైజ్ చేసి (అంటే ఒకే టెస్టును వేర్వేరు విలువలతో నడిపేలా రాసి) తొమ్మిది బాక్సులకూ నడపండి.

చెల్లాల్సిన జంట కూడా ఒకటి ఉండాలి: మొదటి వరుస నాలుగో గడిలో 7, నాలుగో వరుస మొదటి గడిలో 7. 0 నుంచి లెక్కిస్తే, బాక్సు సంఖ్య కోసం అడ్డు వరుస సంఖ్యను 3తో భాగించిన భాగఫలాన్ని మళ్లీ 3తో గుణించి, నిలువు వరుస భాగఫలాన్ని కలపాలి. ఆ గుణకారం మరిచిపోతే ఈ రెండు బాక్సులూ ఒకటైపోతాయి. పూర్తి బోర్డు టెస్టూ అప్పుడు విఫలమవుతుంది గానీ, తప్పు ఎక్కడుందో ఈ జంటే చూపిస్తుంది.

మొత్తం 45, లబ్ధం 3,62,880 వస్తే వరుస సరైనదే అనే ఉపాయాన్ని నమ్మకండి. 1, 2, 4, 4, 4, 5, 7, 9, 9 కూడితే 45, గుణిస్తే 3,62,880! సగం నిండిన బోర్డుకు ఆ లెక్క ఎలాగూ పనికిరాదు. 0లను వదిలేసి, మిగిలిన అంకెలను సెట్‌లో (ఒకే విలువను రెండుసార్లు ఉంచుకోని పైథాన్ సముదాయంలో) వేసి, సంఖ్య తగ్గిందేమో చూడటమే సరైన పద్ధతి.

చివరగా ఫంక్షన్‌లోని అడ్డు వరుస, నిలువు వరుస, బాక్సు తనిఖీలు మూడింటినీ ఒక్కొక్కటిగా తీసేసి టెస్టులు నడపండి. ప్రతిసారీ దానికి సంబంధించిన టెస్టులే విఫలం కావాలి. ఏదీ విఫలం కాకపోతే మళ్లీ రెండు 7ల దగ్గరకే వెళ్లండి.