అబ్జర్వేషన్ హోంలో ఉన్న పిల్లాడికి టీబీ, ఇతర అంటువ్యాధుల పరీక్ష: దరఖాస్తు ఎలా పెట్టాలి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఉండే మన తెలుగువాళ్ల పిల్లలు కేసుల్లో చిక్కుకుని అబ్జర్వేషన్ హోంకి, అంటే విచారణ సమయంలో మైనర్లను ఉంచే చోటికి వెళితే, ములాఖత్‌లో తల్లికి ముందు కనిపించేది చిక్కిపోయిన ముఖం. తర్వాత వేళ్ల సందుల్లో గోకి గోకి ఎర్రబడిన గజ్జి పొక్కులు. "లోపల అందరికీ ఉందమ్మా" అంటాడు. అంతమంది ఒకే గదిలో పడుకునే చోట గజ్జి అయినా, టీబీ అయినా ఒకరితో ఆగదు. ఆ రోజే దరఖాస్తు పెట్టండి.

తెల్లకాగితం చాలు. హోం సూపరింటెండెంట్ పేరున రాసి, ఒక కాపీ పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డుకి ఇవ్వండి. ఒడియాలో రాయిస్తే పని సులువు. అక్కడా దాన్ని దరఖాస్తు అనే అంటారు. పిల్లాడి పేరు, కేసు నంబరు, మీ ఆధార్ కాపీ, పాత మందుల చీటీలు జతచేయండి.

అసలు బలం లక్షణాలు రాయడంలో ఉంది. "ఆరోగ్యం బాలేదు" అని రాస్తే పక్కన పెట్టేస్తారు. "రెండు వారాలుగా దగ్గు, రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గాడు. కఫం పరీక్ష, ఎక్స్‌రే చేయించండి" అని రాయండి. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే దాచకండి, అదీ రాయండి. జువెనైల్ జస్టిస్ చట్టం కింద కేంద్రం తెచ్చిన 2016 నమూనా నియమాల ప్రకారం హోంలో చేరిన 24 గంటల్లో వైద్య పరీక్ష, ఆపైన నెలనెలా చెకప్ జరగాలి. ఆ రికార్డు చూపించమని కూడా అడగండి. ఇది బతిమాలుకోవడం కాదు, పిల్లాడి హక్కు.

హెచ్ఐవీ సంగతి వేరు. 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ముందు కౌన్సెలింగ్, సమ్మతి ఉండాలి. పిల్లాడు మైనరు కాబట్టి సమ్మతి మీరే ఇవ్వాలి. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద టెన్షన్‌లో సంతకం పెట్టేయకండి, చదివించుకోండి. సమ్మతి లేకుండా ఫలితం బయటపెట్టడానికి ఆ చట్టం ఒప్పుకోదు. టీబీ, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలూ మందులూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోకుండా గేటు దాటకండి. దరఖాస్తు తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. వారంలో కదలిక లేకపోతే జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లండి, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఉచిత లాయరు కావాలంటే 15100. రక్తం కక్కుతున్నా, ఊపిరి ఆడకపోయినా కాగితం కోసం ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని అక్కడే గట్టిగా అడగండి.

పిల్లాడి ఫొటో, పేరు, రిపోర్టు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ దానికి ఒప్పుకోదు.