టెన్త్ దాకా ఆగకండి: ప్రత్యేక అవసరాల పిల్లల్ని వృత్తి శిక్షణకు పంపే పద్ధతి

"ముందు టెన్త్ కానివ్వండి మేడం, తర్వాత చూద్దాం." ఏ బడికి వెళ్లినా ఈ మాట వినపడుతుంది. ఆ 'తర్వాత' మాత్రం రాదు. టీసీ చేతికొచ్చిన రోజే పిల్లవాడి పేరు బడి రిజిస్టర్‌లోంచి పోతుంది. కొన్నాళ్లకు మా భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలంలో నడిపే కేంద్రం) లిస్టులోంచీ పోతుంది. ఆ తర్వాత వాడి గురించి అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. ఇంట్లో టీవీ ముందు స్థిరపడిపోయిన కుర్రాణ్ని నాలుగేళ్ల తర్వాత బయటికి తేవడం మహా కష్టం. అదే తొమ్మిదో తరగతిలో అయితే వాడికి పొద్దున్నే లేచి బయల్దేరే అలవాటు ఉంటుంది, ఇంట్లోవాళ్లకు మీ మాట మీద గురీ ఉంటుంది.

నేను నల్లగొండ జిల్లాలో ఒక మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల చదువు చూసే రిసోర్స్ పర్సన్‌ని, అంటే ఐఈఆర్‌పీని. ఇక్కడ రాసేది హెచ్‌ఎంలకి, క్లాస్ టీచర్లకి, కొత్తగా చేరిన మా ఐఈఆర్‌పీలకి. ఆంధ్రలో ఆఫీసుల పేర్లు కొంచెం మారతాయేమో గానీ పని జరిగే తీరు ఒకటే.

ముందు ఎక్కడికి పంపాలో తేల్చుకోండి. హైదరాబాద్ విద్యానగర్‌లో, ఏటీఐ క్యాంపస్‌లో, కేంద్ర కార్మిక శాఖ నడిపే దివ్యాంగుల నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ ఉంది. పాతవాళ్లు ఇప్పటికీ పాత పేరుతో (వొకేషనల్ రిహాబిలిటేషన్ సెంటర్) వీఆర్‌సీ అనే అంటారు. ఏ రకం వైకల్యం ఉన్నవాళ్లయినా అక్కడికి వెళ్లవచ్చు. పిల్లవాడు ఏ పని చేయగలడో పరీక్షించి చూస్తారు, దాన్నిబట్టి శిక్షణకో, ఐటీఐకో, ఉద్యోగానికో, సొంత పనికి లోనుకో దారి చూపిస్తారు. ఫీజు లేదు. మేధో వైకల్యం ఉన్న పిల్లలకైతే నేను మొదట సికింద్రాబాద్ బోయినపల్లిలోని ఎన్‌ఐఈపీఐడీకే పంపిస్తాను. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసమే 1984లో పెట్టిన జాతీయ సంస్థ అది, ఆ పిల్లల అంచనాలో వాళ్ల చెయ్యి తిరిగింది. నెల్లూరు వైపు వాళ్లకు నెల్లూరులోనే ప్రాంతీయ కేంద్రం ఉంది.

కాలో చెయ్యో బాగాలేక చదువు మాత్రం మామూలుగా సాగుతున్న పిల్లల్ని ఇంత దూరం తిప్పనక్కర్లేదు. దగ్గర్లోని ఐటీఐ చూడండి. వెల్డర్, వైర్‌మ్యాన్, సూయింగ్ టెక్నాలజీ లాంటి కొన్ని ట్రేడులకు ఎనిమిదో తరగతి పాసైతే చాలు. టెన్త్ తప్పాడని ఇంట్లో కూర్చోబెట్టిన పిల్లవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇక కాగితాలు. సదరం సర్టిఫికెట్ (డాక్టర్లు చూసి ఇచ్చే వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), ఆధార్, స్టడీ సర్టిఫికెట్, ఆదాయ ధ్రువీకరణ, ఫొటోలు, బ్యాంకు పాస్‌బుక్. అన్నీ ఒరిజినల్స్‌తో పాటు మూడు సెట్లు జిరాక్స్. యూడీఐడీ కార్డు రంగు చూడండి: వైకల్యం 40 శాతం లోపు అయితే తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద ఇచ్చే రిజర్వేషన్లకు కనీసం 40 ఉండాలి కాబట్టి తెల్ల కార్డు పట్టుకుని సీటు దొరుకుతుందని ఎవరికీ ఆశ పెట్టకండి. మేధో వైకల్యం సర్టిఫికెట్‌ను 18 ఏళ్లకు మళ్లీ చేయించుకోవాలి. చిన్నప్పటి కాగితం చూపిస్తే కౌంటర్ దగ్గరే ఆపేస్తారు.

అసలు తంటా పేర్లతో వస్తుంది. బడిలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం, సదరంలో ఇంటిపేరే ఉండదు. పుట్టిన తేదీ ఆధార్‌లో జనవరి ఒకటి. ఈ మూడూ కలిసేదాకా ఆన్‌లైన్ దరఖాస్తు ముందుకు కదలదు. అందుకే తొమ్మిదో తరగతి మొదట్లోనే కాగితాలన్నీ ఒక బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడమంటాను. దిద్దించడానికి నెలలు పడుతుంది. టెన్త్ మెమో వచ్చాక అయితే ఏది దేని ప్రకారం మార్చాలన్నది ఇంకో తలనొప్పి.

అన్నిటికన్నా ముఖ్యమైంది మీరు రాసే ఉత్తరం. చాలా బళ్ల నుంచి వెళ్లే ఉత్తరం ఇలా ఉంటుంది: "ఇతను మా పాఠశాల విద్యార్థి. 60 శాతం వైకల్యం కలదు. తగిన శిక్షణ ఇప్పించగలరని మనవి." కింద సంతకం, రౌండ్ సీలు. దీన్ని చదివిన ఇన్‌స్ట్రక్టర్‌కి ఏం తెలిసింది? శాతం ఎలాగూ కార్డు మీద ఉంది. అరవై శాతం ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకడు స్క్రూ బిగిస్తాడు, ఇంకొకడు చొక్కా గుండీ పెట్టుకోలేడు. పదేళ్లుగా ఆ పిల్లవాణ్ని చూస్తున్నది మీరు. డాక్టర్ చూసింది పది నిమిషాలే.

నేను రాసేది ఈ తరహాలో ఉంటుంది: "వయసు 16. తన పేరు చూడకుండా రాస్తాడు. వంద దాకా లెక్కపెడతాడు. నోట్లు గుర్తుపడతాడు గానీ చిల్లర లెక్క రాదు. గడియారం చూడడం రాదు, బెల్లు వింటే కదులుతాడు. ఒక పని చెబితే పూర్తి చేస్తాడు, రెండు కలిపి చెబితే రెండోది మర్చిపోతాడు. నోటితో చెప్పేకంటే చేసి చూపిస్తే త్వరగా నేర్చుకుంటాడు. భోజనాల తర్వాత ప్లేట్లు సైజులవారీగా పేర్చడం ఎవరూ చెప్పకుండానే మొదలుపెడతాడు, అరగంట దాకా విసుగు లేదు. కుడిచేతి వేళ్లు పూర్తిగా ముడవడు, సూదిలో దారం ఎక్కించడం లాంటి సన్నపని కుదరదు. పెద్ద చప్పుడైతే చెవులు మూసుకుని బయటికి వెళ్తాడు. బస్సు ఎక్కిస్తే దిగాల్సిన చోట దిగుతాడు, తెలిసిన రూటు అయితేనే. ఫిట్స్ ఉన్నాయి, పొద్దున రాత్రి మాత్ర వేయాలి."

ఇది చదివినవాళ్లకు కుట్టుపని వద్దని, మిషన్ల మోత ఉన్న షెడ్డు అసలే వద్దని, ప్యాకింగో క్యాంటీన్ పనో చూడొచ్చని వెంటనే అర్థమవుతుంది. ఎఫ్‌ఏసీపీ చెక్‌లిస్టు (పిల్లవాడికి ఏ పనులు వచ్చో, ఏవి రావో గుర్తుపెట్టే పట్టిక) నింపి ఉంటే సగం పని అయినట్టే, అందులో ప్రీ-వొకేషనల్ (వృత్తి శిక్షణకు ముందు) స్థాయి కాగితాలు జతచేయండి. మంచి మాటలు మాత్రమే రాయకండి. రాదు అన్నది కూడా రాస్తేనే 'వచ్చు' అన్నదాన్ని నమ్ముతారు.

వినపడని పిల్లల విషయంలో ఇంకో నాలుగు వాక్యాలు కావాలి. సైగలు ఇంట్లో కల్పించుకున్నవా, బడిలో నేర్చిన సైన్ లాంగ్వేజా? రాసి చూపిస్తే చదివి అర్థం చేసుకుంటాడా? వినికిడి మెషిన్ పెట్టుకుంటాడా, అది పనిచేస్తోందా? మా మండలం నుంచి వెళ్లిన ఒక అబ్బాయిని ఒక శిక్షణ కేంద్రం వాళ్లు ఇంటర్‌ప్రెటర్ లేకుండా కంప్యూటర్ క్లాసులో వెనక బెంచీలో కూర్చోబెట్టారు. నెల తిరక్కుండానే ఇంటికొచ్చేశాడు. "వాడికి ఆసక్తి లేదు మేడం" అన్నారు ఫోన్‌లో. నాకు ఒళ్లు మండింది. అప్పటినుంచి "ఇంటర్‌ప్రెటర్ ఉన్నారా" అన్న ప్రశ్న ముందే అడిగి, వాళ్ల జవాబు ఫైల్లో రాసుకుంటున్నాను.

ఉత్తరం కంటే ముందే ఇంట్లోవాళ్లతో మాట్లాడాలి. తల్లిదండ్రుల్ని బడికి పిలిపించకండి, మీరే వెళ్లండి. హెచ్‌ఎం గదిలో కూర్చుంటే అన్నిటికీ "సరే మేడం" అంటారు, మనసులో మాట చెప్పరు. మనసులో ఉండేది ముందుగా పింఛను. తెలంగాణలో దివ్యాంగులకు నెలకు 4,016 రూపాయలు వస్తోంది. పిల్లవాడు శిక్షణకు వెళ్తే అది ఆగిపోతుందని ఊళ్లో ఎవరో చెప్పి ఉంటారు. వాదించకండి. తండ్రిని వెంటబెట్టుకుని ఎంపీడీఓ ఆఫీసుకు వెళ్లి ఆ తండ్రి నోటితోనే అడిగించండి. పింఛను టెన్షన్ తీరాకే మిగతా మాటలు చెవికెక్కుతాయి.

ఆడపిల్ల అయితే తల్లి ఇంకేమీ అడగదు. "రాత్రిపూట దగ్గర ఎవరుంటారు టీచరమ్మా?" అని ఒక్కటే అడుగుతుంది. జవాబు మీ దగ్గర లేకపోతే సర్దిచెప్పకుండా ఆమె ముందే ఆ కేంద్రానికి ఫోన్ చేసి హాస్టల్ వార్డెన్‌తో మాట్లాడించండి. రోజూ వెళ్లి రాగలిగిన చోటైతే ఇంకా మేలు. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి తోడొచ్చే తల్లికి ఛార్జీల బెంగ లేదు.

పిల్లవాణ్ని అడిగారా? అడగడం మర్చిపోయేది ఈ ఒక్కణ్నే. మాట రాని పిల్లలకు పనుల ఫొటోలు చూపించండి. మెకానిక్ షెడ్డు, బేకరీ, టైలరింగ్ షాపు, నర్సరీ. ఊళ్లోవే తీసుకెళ్లి చూపిస్తే ఇంకా మంచిది. ఏ బొమ్మ దగ్గర వేలు ఆగిందో అదీ ఉత్తరంలో రాయండి.

పంపే ముందు ఫోన్ చేసి కొత్త బ్యాచ్ ఎప్పుడు, ఏయే ట్రేడులు నడుస్తున్నాయి, పరీక్షలు ఒక్క రోజులో అవుతాయా అని అడగండి. ఒక్క రోజులో కాదంటే రాత్రి ఎక్కడ ఉండాలో అప్పుడే తేలిపోవాలి. లేకపోతే తల్లి సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేస్తుంది, ఇక మళ్లీ వెళ్లదు. పిల్లవాడి వెంట వాడి పనులు తెలిసినవాళ్లు వెళ్లాలి. ఖాళీగా ఉన్నాడని బాబాయిని పంపితే అక్కడ అడిగిన ప్రతిదానికీ "తెలియదు సార్" అంటాడు. మాత్రలు, డాక్టర్ చీటీ, మార్చుకోవడానికి ఒక జత బట్టలు సంచిలో ఉండాలి.

చేర్చుకోము అంటే ఎందుకో కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వమనగానే సగం సార్లు మాట మెత్తబడుతుంది. రాసిస్తే ఆ కాగితంతో జిల్లా సంక్షేమ అధికారి దగ్గరికి వెళ్లవచ్చు, అక్కడా కాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేయవచ్చు.

చేరాక మొదటి నెల మీద కన్నేసి ఉంచండి, మానేసేవాళ్లు ఎక్కువగా అప్పుడే మానేస్తారు. ఫోన్ చేసినప్పుడు "బాగున్నాడా" అని తల్లిని అడిగితే "ఆ, బాగున్నాడు" అంటుంది. పిల్లవాడికే ఇవ్వమనండి, వినపడని వాడైతే వీడియో కాల్ చేయండి. ఈరోజు ఏం చేశావు, అన్నం ఎవరితో తిన్నావు అని అడగండి. వరసగా రెండుసార్లు "ఒక్కణ్నే తిన్నా" అన్నాడంటే ఆ వారంలోనే కేంద్రం వాళ్లతో మాట్లాడాలి.