టర్కీ వెళ్ళేవాళ్ళకి టర్కిష్ – 3వ పాఠం: ఎక్కడున్నావ్?

పోయిన పాఠంలో టర్కిష్ అచ్చులు ఎనిమిదింటినీ రెండు గుంపులు చేశాం. ఆ, ఒ, ఉ, పెదవులు చుట్టకుండా పలికే ఉ – ఇవి లావు అచ్చులు. ఎ, ఇ, పెదవులు చుట్టి పలికే ఎ, పెదవులు చుట్టి పలికే ఇ – ఇవి సన్నవి. అక్కడి బళ్ళల్లోనూ లావు, సన్న అనే అంటారు. ఇంకా నోరు తిరగకపోతే ముందు వాటినే పలకండి, ఇక్కణ్ణుంచి దాదాపు ప్రతి ప్రత్యయమూ వాటి మీదే నడుస్తుంది.

ఇవాళ 'లో' నేర్చుకుందాం. సమ్మర్ ఎక్స్ఛేంజ్‌కి వెళ్ళి ఒక కుటుంబంతో ఉంటున్నప్పుడు, సాయంత్రం కాస్త ఆలస్యమైతే చాలు, ఇంటావిడ దగ్గర్నుంచి మెసేజ్ వస్తుంది: నెరెదెసిన్? ఎక్కడున్నావ్ అని. (1928లో లాటిన్ లిపికి మారారు, 29 అక్షరాలు, దాదాపు పలికినట్టే రాస్తారు, కాబట్టి చదవడానికి టెన్షన్ అక్కర్లేదు.) జవాబు వెంటనే ఇవ్వాలి, అక్కడ మీరు వాళ్ళ బాధ్యత.

మాటలో చివరి అచ్చు లావుదైతే 'లో'కి దా, సన్నదైతే దె. ఎవ్ అంటే ఇల్లు, ఎవ్‌దె ఇంట్లో. ఒకుల్ అంటే బడి, ఒకుల్‌దా బడిలో. ఊళ్ళ పేర్లకీ అంతే: ఇజ్మిర్‌దె, ఆంకారాదా. ఇది మనకి కొత్తేమీ కాదు, పిల్లికి, కుక్కకు అని మనం రాసేటప్పుడు కి రావాలో కు రావాలో ముందున్న అచ్చే తేలుస్తుంది.

రెండో మెలిక హల్లుది. మాట చివర క, చ, ట, త, ప లాంటి పరుషం గానీ, స, ష, ఫ, హ గానీ ఉంటే ద కాస్తా త అవుతుంది: సొకాక్‌తా, అంటే వీధిలో. ఒటొబ్యుస్‌తె, బస్సులో (ఇందులో 'యు' అని రాసింది పెదవులు చుట్టి పలికే ఇ, సన్నది, అందుకే తె). మొదట అచ్చు చూడండి, తర్వాత హల్లు.

ఇక 'ఉన్నాను'కి వేరే క్రియ వెతక్కండి. తెలుగువాణ్ణి, తెలుగుదాన్ని అన్నప్పుడు నామం చివరే 'నేను' చేరినట్టు ఇక్కడా చేరుతుంది: ఎవ్‌దెయిమ్, ఒకుల్‌దాయుమ్ (ఈ చివరి ఉ పెదవులు చుట్టని ఉ). అన్నిటికన్నా పనికొచ్చేది యొల్‌దాయుమ్, దారిలో ఉన్నాను. టర్కీలో రోజుకి ఎన్నిసార్లు వింటారో!

ఇప్పుడు డొల్ముష్ ఎక్కుదాం. మన షేర్ ఆటో పద్ధతే, రూటు ఒకటే, ఎక్కడం దిగడం దారిలో ఎక్కడైనా, కాకపోతే వ్యాన్. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు చార్జీని ముందువాళ్ళ చేతికిచ్చి "బిర్ కిషి, ఉజాతుర్ ముసునుజ్?" అంటారు, ఒకరికి, కాస్త అందిస్తారా అని. డబ్బు చేతులు మారుతూ డ్రైవర్ దాకా వెళ్ళి, చిల్లర అదే దారిన మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది. మీ చేతికి వేరేవాళ్ళ డబ్బు వస్తే ఫోన్ పక్కనపెట్టి ముందుకి అందించండి, క్లాసులో ఎంత చదివినా దొరకని మర్యాద ఇది. చివర్లో ఉన్న సునుజ్ మన 'మీరు', తెలియని పెద్దవాళ్ళ దగ్గర అది వదలొద్దు.

దిగాలంటే గట్టిగా, డ్రైవర్‌కి వినపడేలా: "మ్యుసాయిత్ బిర్ యెర్‌దె ఇనెజెక్ వార్!" వీలైన చోట దిగేవాళ్ళున్నారు అని. యెర్ అంటే చోటు, అందులోది సన్న అచ్చు, ర పరుషం కాదు, అందుకే దె. సిగ్గుపడి గొణిగితే రెండు స్టాపుల అవతల దిగుతారు, కాబట్టి ఇంట్లోనే గొంతెత్తి అనండి, వాక్యం మొత్తం ఒకే ఊపులో వచ్చేదాకా.

అభ్యాసం: దురాక్ (స్టాపు), డొల్ముష్, మార్కెట్, ఇస్తాన్‌బుల్, పార్క్ – వీటిలో ఒక్కోదానికీ 'నేను అక్కడున్నాను' అని కట్టండి. డొల్ముష్‌తాయుమ్ వచ్చిందంటే అచ్చూ హల్లూ రెండూ పట్టుకున్నట్టే. వచ్చే పాఠంలో 'కి', అంటే ఇంటికి, బడికి వెళ్ళడం.